కర్నూలు పక్క పల్లెలో మొదటి ఇండిపెండెంట్ సినిమా - ఎక్కడెక్కడ దెబ్బతింటామో ముందే చెప్పండి

హంద్రీ_ఒడ్డు
అందరికీ నమస్తే. మాది కర్నూలు. ఇంతవరకు రెండు షార్ట్ ఫిల్ములు చేశా, ఇప్పుడు గంటన్నర లోపు సినిమా ఒకటి సొంత డబ్బుతో తీద్దామని ఉంది. కథ కోడుమూరు పక్క ఒక పల్లెలో జరుగుతుంది. గుంటూరు మిరపకాయ కోతలకు వలసపోయి తిరిగొచ్చిన అన్న, ఊర్లోనే ఉండిపోయిన తమ్ముడు, ఇద్దరి మధ్యలో అమ్మేసిన రెండెకరాలు. ఫ్యాక్షన్ లేదు, సుమోలు గాల్లోకి లేవవు, ముందే చెప్తున్నా. చేతిలో 9 లక్షలు ఉన్నాయి, ఇంకో 2 లక్షలు మా మామ ఇస్తానన్నాడు. హైదరాబాదు నుంచి పెద్ద సినిమా కెమెరా అద్దెకు తెద్దామనుకుంటున్నా, ఏది తెస్తే బాగుంటుంది? ఇంకా మొదటి సినిమా తీసేవాళ్ళు మామూలుగా ఎక్కడ బోల్తా పడతారో తెలిసినవాళ్ళు చెప్పండి, మొహమాటం వద్దు.

ఉగ్గాని_బజ్జీ
మామ ఇస్తానన్న 2 లక్షలు ముందు లెక్కలోంచి కొట్టెయ్. తర్వాత మాట్లాడదాం.

మిద్దెమీద_కెమెరా
కెమెరా పనే నాది కాబట్టి చెప్తున్నా, నీ బడ్జెట్‌కు పెద్ద కెమెరా వద్దు. పెద్ద కెమెరా ఒక్కటే రాదు. దాని వెంట అటెండర్ వస్తాడు, అతనికి బేటా (రోజు ఖర్చుల డబ్బు), రూము, రానుపోను ఛార్జీలు, ఫోకస్ లాగడానికి ఇంకొకడు, దానికి తగ్గ లైట్లు, ఆ లైట్లకు జనరేటర్. ఇప్పుడొచ్చే మామూలు మిర్రర్‌లెస్ కెమెరాతో థియేటర్లో వేసుకోదగ్గ బొమ్మ వస్తుంది, మంచి లెన్సులు రెండు అద్దెకు తెచ్చుకో చాలు.

డేటా లెక్క చాలామంది వేసుకోరు. సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకు 45 జీబీ, 400 దగ్గర తీస్తే గంటకు 180 జీబీ. రోజుకు రెండు గంటల ఫుటేజీ అనుకుని ఎన్ని హార్డ్‌డిస్కులు కావాలో లెక్కేసుకో, దాన్ని మళ్ళీ రెండింతలు చేసుకో, ఎందుకంటే ప్రతి కార్డూ రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కాకే ఫార్మాట్ కావాలి. ఆ రెండు డిస్కులూ ఒకే సంచిలో, ఒకే కారులో తిరగకూడదు. ఒకటి ఇంట్లో, ఒకటి నీ దగ్గర.

ఇంకోటి, రాత్రి సీన్లు పల్లెల్లో ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బుల కింద తీస్తావు. మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములకు షట్టర్ 1/50 పెట్టు, షట్టర్‌ను డిగ్రీల్లో చూపించే కెమెరా అయితే 172.8 డిగ్రీలు. లేకపోతే వెనక గోడ మినుకుమినుకుమంటుంది, చిన్న స్క్రీన్ మీద ఆ పూట కనిపించదు, ఎడిట్‌లో కూర్చున్నప్పుడు కనిపిస్తుంది. ఎండాకాలం వద్దనే వద్దు. 42, 43 డిగ్రీల్లో మనుషులే నిలబడలేరు, కెమెరా వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది.

నాపరాయి
కెమెరా గురించి మూడు పేరాలు, సౌండ్ గురించి ఒక్క ముక్క లేదు. మొదటి సినిమా అంటే ఇదే వరస.

తమ్ముడూ, నేను హైదరాబాదులో సౌండ్ చేస్తా, సొంతూరు బేతంచెర్ల. బొమ్మ కొంచెం నలుపు తిరిగినా, ఫోకస్ అటూ ఇటూ అయినా చూసేవాడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే మాత్రం లేచిపోతాడు. మన పల్లె ఇళ్ళు చూడు, కింద నాపరాళ్ళు, గోడలు రాయి, ఇంట్లో సామాను తక్కువ. అందులో నిలబడి మాట్లాడితే ప్రతి మాటా గంగాళంలో పలికినట్టు ఉంటుంది. ఆ గింగురు తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. ఫ్రేములో కనపడని చోటల్లా బొంతలు పరువు, గోడకు దుప్పట్లు కట్టు, ఊర్లో ప్రతి ఇంట్లో ఉంటాయి, రూపాయి ఖర్చు లేదు. మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత మేలు. కెమెరా మీద పెట్టిన మైకు గుర్తు కోసమే, తర్వాత బొమ్మకు మాట సింక్ చేసుకోవడానికి.

టేకుకు ముందు ఒక మనిషి ఇంటి చుట్టూ తిరిగి రావాలి, అదే అతని పని. ఫ్యాను ఆపారా, ఫ్రిజ్ ఆపారా (ఆపినోడు కారు తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అప్పుడే సాయంత్రం మళ్ళీ ఆన్ చేయడం గుర్తుంటుంది), పక్కింట్లో కుక్కర్ ఎక్కిందా, గుడి మైకు ఎప్పుడు మొదలవుతుంది, బోరు మోటారుకు త్రీఫేజ్ కరెంటు ఏ టైములో వస్తుంది. త్రీఫేజ్ వచ్చిందంటే చుట్టూ చేన్లలో మోటార్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి, ఆ కరెంటు ఉన్నంతసేపు డైలాగు సీను పెట్టుకోకు, నడక షాట్లు తీసుకో. ఎన్‌హెచ్ 44కు దగ్గర్లో అయితే లారీ హారన్ల సంగతి చెప్పక్కర్లేదు.

ప్రతి లొకేషన్ వదిలేముందు అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చెయ్. రూమ్ టోన్. యూనిట్ నవ్వుతుంది, నవ్వనీ.

కడప_గడప
ఇంత తిప్పలు ఎందుకు బ్రదర్, డబ్బింగ్ చెప్పించుకుంటే పాయె. తెలుగు సినిమా మొత్తం దశాబ్దాలుగా డబ్బింగ్ మీదే నడిచింది. ఫోన్లో తీసినా సినిమానే. ఇక్కడ ఆయన తీయాలనుకుంటే మీరు అందరూ కలిసి ఆపేసేలా ఉన్నారు.

నాపరాయి
ఫోన్లో తియ్యొద్దని ఎవరన్నారు? తియ్యి. డబ్బింగ్ సంగతి వేరు. ఆ దశాబ్దాల సినిమాల్లో చెప్పినవాళ్ళు దాన్నే వృత్తిగా బతికిన కళాకారులు. ఈ తమ్ముడి సినిమాలో చేసేది ఊరివాళ్ళు. చేను గట్టు మీద కూర్చుని తన మాటల్లో తను మాట్లాడిన పెద్దాయనను ఆర్నెల్ల తర్వాత హైదరాబాదు ఏసీ గదిలో అద్దాల వెనక నిలబెట్టి, నీ పెదాలు చూసి నువ్వే మళ్ళీ చెప్పు అంటే చెప్పగలడా? పాఠం అప్పజెప్పినట్టు వస్తుంది. వేరేవాళ్ళతో చెప్పిస్తే ఆ యాస పోతుంది. వృత్తి నటులతో చేసేటట్టయితే డబ్బింగ్ దారి మంచిదే, కాదనను.

కడప_గడప
సరే, ఇది ఒప్పుకుంటా.

పెన్నా_అక్క
ప్రొద్దుటూరు నుంచి. ఎడిటింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి మొదటి సినిమా ఫుటేజీ తెచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉండే జబ్బు నిడివి. గంటన్నర సినిమా అంటారు, రాసింది రెండున్నర గంటలు ఉంటుంది. పేజీకి నిమిషం అనే లెక్క ఇంగ్లీషు స్క్రిప్టు పద్ధతికి, మన దగ్గర తెల్లకాగితం మీద నిలువుగా గీత గీసి ఒక పక్క సీను, ఒక పక్క మాట రాసే పద్ధతికి ఆ లెక్క కుదరదు. స్క్రిప్టు మొత్తం గట్టిగా చదివి, నడిచే చోట నిజంగా నడిచి, ఫోన్లో టైము పెట్టుకో. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టక ముందే కోయాల్సింది కోసెయ్. కాగితం మీద కోసిన సీనుకు ఖర్చు సున్నా, షూట్ చేసి కోసిన సీనుకు రెండు పూటల భోజనాలు.

తర్వాత కంటిన్యుటీ, అంటే ఒక సీన్లో మనిషి ఎలా ఉన్నాడో తర్వాతి సీన్లోనూ అలాగే ఉండటం. నా దగ్గరికి వచ్చిన ఒక సినిమాలో హీరో స్నేహితుడి పాత్ర చేసినబ్బాయి రెండో షెడ్యూలుకు ముందు ఇంట్లోవాళ్ళతో తిరుమల పోయి గుండు కొట్టించుకుని వచ్చాడు. మొక్కు, ఎవరు ఏమంటారు. సగం సీన్లలో జుట్టు, సగం సీన్లలో తలగుడ్డ. కథలో తలగుడ్డకు కారణం రాయడానికి డైరెక్టరు పడ్డ పాట్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి రోజే అందరి దగ్గరా అడిగి రాసుకోండి, మొక్కులున్నాయా, పెళ్ళిళ్ళున్నాయా, అయ్యప్ప మాల వేస్తున్నారా అని.

గుత్తికోట
అక్క చెప్పింది మనుషుల కంటిన్యుటీ, నేను చేని సంగతి చెప్తా. ప్రొడక్షన్ పనులు చూస్తుంటా, అనంతపురం. నీ కథలో రెండెకరాలు ఉన్నాయి కాబట్టి చేను కనపడుతుంది. జూన్, జులైలో వానపడ్డాక బుడ్డలు (వేరుశనగ) వేస్తారు, అక్టోబరు, నవంబరులో పీకేస్తారు. ఆగస్టులో పచ్చగా ఉన్న చేన్లో అన్నదమ్ముల గొడవ సగం తీసి, డబ్బులు సర్దుకుని మిగతా సగం డిసెంబరులో తీద్దామంటే అక్కడ ఎర్రమట్టి తప్ప ఏమీ ఉండదు. చేను కనిపించే సీన్లన్నీ ఒక్క షెడ్యూల్లో కొట్టెయ్. రైతుతో ముందే మాట్లాడుకో, పంట తొక్కినందుకు ఎంతిస్తావో కూడా. వాళ్ళు మొహమాటపడి అడగరు, నువ్వే ఇవ్వాలి, లేకపోతే రెండోసారి ఊర్లోకి రానివ్వరు.

పండగలు చూసుకో. పీర్ల పండగ తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఆ పది రోజులూ పల్లెల్లో మైకులు, గుండం, ఊరంతా అక్కడే. హిందువులూ ముస్లిములూ అని లేదు, ఎవరూ నీ షూటింగుకు రారు. సంక్రాంతి కూడా అంతే.

డబ్బు. 9 లక్షలు ఉన్నాయంటే 9 లక్షల సినిమా ప్లాన్ చెయ్యకు. షూటింగ్ అయిపోయి గుమ్మడికాయ కొట్టేసరికి జేబు ఖాళీ అయితే సినిమా అక్కడే హార్డ్‌డిస్కులో పండుకుంటుంది. ఇలాంటివి నేను చూసినవే చాలా ఉన్నాయి, షూటింగ్ పూర్తయి ఏళ్ళు గడిచినా మిక్సింగుకు డబ్బుల్లేక బయటకు రానివి. ఎడిట్, డీఐ (రంగులు సరిచేసే పని), సౌండ్ మిక్సింగ్, సంగీతం, సెన్సార్, వీటి డబ్బు మూడో వంతన్నా ముందే పక్కన పెట్టి, నీ చేతికి అందకుండా ఇంట్లోవాళ్ళ అకౌంట్లో వెయ్. మిగిలిన దాంట్లో పదో వంతు అనుకోని ఖర్చులకు. అనుకోనిది ఏదో ఒకటి వస్తుంది, వానో, పంచరో, ఎవరికో జ్వరమో.

భోజనాల దగ్గర పిసినారితనం వద్దు. జీతం లేకుండా వచ్చిన పిల్లోళ్ళు పొద్దున ఆరింటికి లొకేషన్లో ఉండాలంటే ఆరున్నరకు వేడి ఉగ్గాని, బజ్జీ రావాలి. తొమ్మిదింటికి చల్లారినవి కాదు.

ఉగ్గాని_బజ్జీ
నా పేరు వాడుకున్నందుకు రాయల్టీ.

కడప_గడప
నాదొక ఐడియా. గండికోటలో పెన్నా లోయ మీద డ్రోన్ షాటుతో మొదలుపెట్టు, ఎక్కడ లేని గ్రాండ్‌నెస్ వస్తుంది. పొద్దున్నే పోతే అడిగేవాడుండడు. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోయావంటే వేలమంది జనం ఫ్రీ, జూనియర్ ఆర్టిస్టుల ఖర్చే లేదు.

మిద్దెమీద_కెమెరా
కోడుమూరు కథకు గండికోట ఎందుకు సామీ? రెండెకరాల గొడవలో లోయ ఏం చేస్తుంది? మన ప్రాంతంలో తీసే ప్రతి సినిమాలో గండికోట, లేదంటే యాగంటి, లేదంటే ఓర్వకల్లు రాళ్ళు. అందంగా ఉన్నాయని పెట్టే షాట్లు.

ఫైలు_నంబరు
ఆఫీసు ఉద్యోగిని, పర్మిషన్ల కాగితాలు నా టేబుల్ మీదుగా పోతుంటాయి కాబట్టి తెలిసినంత చెప్తా.

గండికోట, లేపాక్షి, కర్నూలు కొండారెడ్డి బురుజు, ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాలు. సినిమా తీయాలంటే ఆ శాఖ అనుమతి, ఫీజు, డిపాజిట్ ఉంటాయి, కొన్ని వారాల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. స్థానిక ఎస్సై తెలుసు, ఎమ్మార్వో తెలుసు అంటే అక్కడ చెల్లదు. బెలుం గుహలు పర్యాటక సంస్థ చూసుకుంటుంది, అడగాల్సింది అక్కడ. ఇంకోటి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక యాగంటి, బెలుం నంద్యాల జిల్లాలోకి పోయాయి, లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి. పాత అలవాటు కొద్దీ కర్నూలు, అనంతపురం కలెక్టరేట్ల చుట్టూ తిరిగేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు.

డ్రోన్ 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల గ్రీన్ జోన్ ఉండదు, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కర్నూలు విమానాశ్రయం ఉన్నదే ఓర్వకల్లులో. రాళ్ళ మీద డ్రోన్ అనుకునేవాళ్ళు ముందు మ్యాప్ చూసుకోండి.

దేవరగట్టు సంగతి, ఆ రాత్రి కర్రలతో కొట్టుకునే జనం మధ్యలో నటుల్ని దింపుతానంటే ఏ పోలీసూ ఒప్పుకోడు. ఏటా తలలు పగులుతాయి అక్కడ.

పల్లెలో తీసేదానికి ఇంత హడావుడి ఉండదు. పంచాయతీకి, పోలీస్ స్టేషనుకు తేదీలు రాసి లెటర్ ఇచ్చి, రిసీవ్డ్ ముద్ర వేయించుకున్న కాపీ ఒకటి ప్రొడక్షన్ బ్యాగులో పెట్టుకో. కొడవలి పట్టుకుని పరిగెత్తే సీను ఉంటే ఆ రోజు ప్రత్యేకంగా చెప్పాలి, ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి జీపు వస్తుంది.

హంద్రీ_ఒడ్డు
అందరికీ థాంక్స్. గండికోట లేదు, మా ఊరే. ఇంకో మూడు సందేహాలు. తమ్ముడి కూతురు పాత్రకు ఎనిమిదేళ్ళ పాప ఉంది. ఇంట్లో ఒక జత ఎద్దులు కనిపిస్తాయి. గుడి భజన సీన్లో అన్నమయ్య కీర్తన ఒకటి పెడదామనుకుంటున్నా, అన్నమయ్య ఐదు వందల ఏళ్ళ కిందటివాడు కదా, ఎవరిని అడగక్కర్లేదు అనుకుంటా?

ఫైలు_నంబరు
పాపకు: బాలకార్మిక చట్టం రూల్సు 2017లో మార్చారు. కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకోవాలి, తల్లిదండ్రుల అంగీకారం రాతలో ఉండాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. ఇచ్చే డబ్బులో కనీసం 20 శాతం పాప పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. చదువు పాడుకాకూడదు. చిన్న సినిమా కదా, మా చుట్టాల పాపే కదా అంటే మినహాయింపు లేదు.

ఎద్దులకు: థియేటర్‌కు పోవాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, సినిమాలో జంతువు ఉంటే సెన్సార్‌వాళ్ళు జంతు సంక్షేమ బోర్డు కాగితం అడుగుతారు. షూటింగ్‌కు ముందే బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తీసేశాక పరిగెత్తేవాళ్ళే ఎక్కువ, వాకిట్లో పడుకున్న కుక్క షాటు కోసం నెలలు ఆగినవాళ్ళున్నారు. బీడీ తాగే సీను ఉంటే పొగాకు హెచ్చరిక ఆ షాటులో కింద పడాలి, మొదట్లోనూ మధ్యలోనూ ప్రకటనలు వెయ్యాలి.

పెన్నా_అక్క
కీర్తనకు నేను చెప్తా. సాహిత్యం తాళ్ళపాక ఆయనది, అది ఎవరి సొత్తూ కాదు. కానీ ఇప్పుడు మనం వింటున్న బాణీలు చాలావరకు గత శతాబ్దంలో స్వరపరిచినవి, వాటికి హక్కుదారులున్నారు. క్యాసెట్టో, యూట్యూబో పెట్టి వాడితే రికార్డింగ్ హక్కు ఇంకొకరిది. మీ ఊరి భజన బృందంతో మీ సంగీత దర్శకుడు కొత్తగా కట్టిన వరసలో పాడించుకుంటే గొడవే లేదు. సెల్‌ఫోన్ రింగ్‌టోన్, టీకొట్టులో రేడియో, టీవీలో పాట, ఇవన్నీ ఇంతే. షూటింగ్ టైములో టీకొట్టు రేడియో ఆపించెయ్, డైలాగు కింద పాట కలిసిపోతే తర్వాత విడదీయలేం.

గుత్తికోట
సంగీతం అన్నావు కాబట్టి, స్నేహితుడే కదా అని నోటిమాట మీద చేయించుకోకు. కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వడం కాగితం మీదే జరగాలి. అందులో ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే అని లెక్క, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియాకే. అంటే రేపు విదేశాల్లో వేసుకుందామన్నా మళ్ళీ ఆయన గుమ్మం తొక్కాలి. కథ రాసినవాడు, పాట రాసినవాడు, సంగీతం, అందరి దగ్గరా షూటింగ్ మొదలవ్వక ముందే సంతకాలు. నటులతో కూడా ఒక పేజీ. ఎన్ని రోజులు, ఎంత, లాభం వస్తే వాటా ఉందా లేదా. సినిమా ఆడకపోతే స్నేహాలు బాగానే ఉంటాయి, ఆడితేనే తేడా వస్తుంది.

కడప_గడప
నటుల మాట వచ్చింది కాబట్టి నా బాధ ఒకటి చెప్తా. హైదరాబాదు నుంచి తెచ్చినవాడితో "ఏందిరా" "యాడికి పోతాండవ్" అని ప్రతి లైనుకూ అరిపించొద్దు. కడప యాస వేరు, ఆదోని పక్క యాస వేరు, హిందూపురం పక్కకు పోతే కన్నడం కలుస్తుంది. నాటకాలవాళ్ళను వెతుక్కో. సురభి పుట్టిందే 1885లో మా కడప జిల్లాలో, ఇప్పటికీ పద్యనాటకం ఆడేవాళ్ళు ప్రొద్దుటూరు, కర్నూలు, అనంతపురం అన్నిచోట్లా ఉన్నారు. క్రమశిక్షణ ఉంటుంది, టైముకు వస్తారు, డైలాగు మర్చిపోరు.

నాపరాయి
ఈసారి కడప_గడప మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఒక్కటే జాగ్రత్త, వాళ్ళు చివరి బెంచీవాడికి వినపడేలా మాట్లాడటం అలవాటైనవాళ్ళు. చొక్కాకు తగిలించిన చిన్న లేపెల్ మైకు ముందు కూడా అలాగే మొదలుపెడతారు. వద్దు అని చెప్తే నొచ్చుకుంటారు కూడా. రిహార్సల్ ఫోన్లో తీసి చూపిస్తే వాళ్ళే తగ్గించుకుంటారు, చెప్పే పని ఉండదు.

హంద్రీ_ఒడ్డు
సినిమా అయిపోయాక? యూట్యూబులో పెట్టేయాలా, ఫెస్టివల్స్‌కు పంపాలా?

పెన్నా_అక్క
యూట్యూబులో పెట్టడానికి తొందరపడకు. బయట పెట్టేసిన సినిమాను చాలా ఫెస్టివల్స్ తీసుకోవు, ప్రీమియర్, అంటే మొదటి ప్రదర్శన, తమ దగ్గరే ఉండాలంటాయి. ముందు ఫెస్టివల్స్, తర్వాత ఓటీటీ, చివర్న యూట్యూబ్. ఎంట్రీ ఫీజులకు కూడా బడ్జెట్ ఉండాలి, కనపడ్డ ప్రతిదానికీ పంపితే లక్ష ఎటు పోయిందో తెలియదు. పేరు వినని ఫెస్టివల్ అవార్డు బొమ్మలు పోస్టరు మీద పది ఉన్నా ఎవరూ పట్టించుకోరు. సబ్‌టైటిల్స్ సీమ మాట తెలిసినవాళ్ళతో రాయించు. సెన్సార్‌లో ఇప్పుడు యూఏ ఒక్కటే కాదు, 7+, 13+, 16+ అని మూడు రకాలు, ఏది వస్తుందో స్క్రిప్టు దగ్గరే ఊహించుకో.

రఫ్ కట్ (మొదటి ముతక ఎడిట్) ఇంట్లోవాళ్ళకు చూపించకు, బ్రహ్మాండం అంటారు. నిన్ను ఎరగని నలుగురికి చూపించి, వాళ్ళు ఫోను ఎప్పుడు తీశారో వెనక కూర్చుని రాసుకో.

ఉగ్గాని_బజ్జీ
అక్కా, నేను మొదటి నిమిషంలోనే తీస్తా, నన్ను లెక్కలోకి తీసుకోవద్దు.

హంద్రీ_ఒడ్డు
పెద్ద కెమెరా మానేశా. ఆ డబ్బు సౌండుకూ పోస్ట్ ప్రొడక్షనుకూ పోతుంది. చేను సీన్లు సెప్టెంబరులో ఒకే షెడ్యూలు, ఇంటి సీన్లు ఆ తర్వాత. నాపరాయి అన్నా, పల్లెలో ఉండి చేసే సౌండు మనిషి ఎవరైనా ఉంటే చెప్పు.

నాపరాయి
ఆదోనిలో ఒక పిల్లోడున్నాడు, నా దగ్గరే బూమ్ (కర్ర చివర మైకు) పట్టడం నేర్చుకున్నాడు, సెప్టెంబరులో ఖాళీ. మైకులు, రికార్డరు నేను చూస్తా, 32 బిట్ ఫ్లోట్ రికార్డరు అయితే అరుపులు వచ్చినా శబ్దం పగలదు. రేటు విడిగా మాట్లాడదాం, బేటా మాత్రం ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలి. ఈలోపు ఒక పని చెయ్. నువ్వు అనుకున్న ఇంట్లోకి పోయి ఫ్యాన్లు ఆపి, నడి మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టి ఫోన్లో రికార్డు చేసి పంపు. పొద్దున ఒకసారి, త్రీఫేజ్ వచ్చినప్పుడు ఒకసారి. అది విన్నాక ఆ ఇల్లు ఉంచాలా, పక్కిల్లు చూడాలా చెప్తా.